చెవులక్క, మూగ కంప్యూటరు

చెవులక్క ఉద్యోగం వినడం, విన్నది విన్నట్టుగా టైపు చేయడం. విచారణల్లో మనుషులు చెప్పిన మాటలన్నీ రికార్డయి ఆమె పనిచేసే కార్యాలయానికి వస్తాయి. వాటిలో సాక్షుల గొంతులతో పాటు ఫ్యాను చప్పుడు, కుర్చీల కిర్రు, ఎవరిదో దగ్గు, బయట పోయే లారీ హారను అన్నీ ఉంటాయి. టైపింగు గదిలోని వాళ్ళు తలకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడలు నొక్కి ఆపుతూ, వెనక్కి తిప్పుతూ ఆ మాటల్ని అక్షరాల్లోకి ఎక్కిస్తారు. అర్థం కాని చోట ‘స్పష్టంగా లేదు’ అని రాసి ముందుకు పోవచ్చు, నిబంధన ఒప్పుకుంటుంది. ఆ గదిలో మాత్రం అలా రాసే ముందు అందరూ ఒకసారి చెవులక్క దగ్గరికి వెళతారు.

ఒకనాడు పక్క సీటావిడ వచ్చి, "ఈ బావమరిది ఎవరో తెలియట్లేదక్కా. ముందూ లేడు, వెనకా లేడు" అంది. చెవులక్క ఆ ముక్క విని, మళ్ళీ విని, నవ్వింది.

"బావమరిది కాదమ్మా. ‘మా బావ... మరి...’ అని ఆగిపోయాడు. అక్కడ గొంతు పూడుకుపోయింది పాపం. నువ్వు లేని మనిషిని తెచ్చి కేసులో ఇరికించేశావు."

ఆమెకు చూపు లేదు. చిన్నతనంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ చూపును కూడా వెంటబెట్టుకు పోయింది. ఎవరైనా అడిగితే ఆ సంగతి చెబుతుంది, అడగకపోతే చెప్పదు. కంప్యూటరు తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఆమె దగ్గర ఉంది. ఒక చెవిలో సాక్షి మాట, రెండో చెవిలో ఆ ప్రోగ్రాం గొంతు. దాన్ని ఆమె ఎంత వేగంగా పెట్టుకుంటుందంటే, ఆ హెడ్‌ఫోను పెట్టుకుని చూసినవాళ్ళు ఇదేదో పాడైపోయిందనుకుని తీసి చేతికిచ్చేస్తారు.

కంప్యూటర్ల గురించి చెవులక్కకు గట్టి అభిప్రాయాలున్నాయి, వాటిని కడుపులో దాచుకునే అలవాటు లేదు. ఆ అభిప్రాయాలు పుస్తకాల్లో చదివినవి కావు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కార్యాలయం ఆమె కోసం ఖరీదైన చదివే ప్రోగ్రాం ఒకటి కొన్నది. అది ఆ ఒక్క కంప్యూటరులోనే పనిచేస్తుంది, ఇంకోదాంట్లోకి మారదు. కొన్నాళ్ళకు ఆ కంప్యూటరు కాస్తా చచ్చి ఊరుకుంది. దాంతో పాటు ప్రోగ్రామూ పోయింది. కొత్తదాంట్లో పెట్టబోతే, ఇది ఇంకొకరిదంటూ మొండికేసింది. పాతది చచ్చిపోయిందని కంపెనీవాళ్ళని నమ్మించేసరికి అందరికీ తలప్రాణం తోకకొచ్చింది. అన్నాళ్ళూ చెవులక్క సీట్లో ఊరికే కూర్చుని జీతం తీసుకుంది. ఆమె జీవితంలో అంత అవమానంగా గడిచిన రోజులు మరి లేవు. పని రాక కాదు, పని లేక కాదు, కొన్న వస్తువు తనది కాకపోవడం వల్ల వచ్చిన ఖాళీ అది.

ఆ సమయంలోనే చిన్నప్పుడు ఆమెతో చదువుకున్న సంగీతం మాస్టారు ఫోన్ చేశాడు. ఆయనకూ చూపు లేదు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు కలిసి రాసిన చదివే ప్రోగ్రాం ఒకటి ఉందని, ఎవరైనా తీసుకోవచ్చని, లోపల ఎలా ఉందో చూడవచ్చని, నచ్చకపోతే మార్చుకోవచ్చని చెప్పాడు.

"ఊరికే ఇచ్చేది ఎలా ఏడుస్తుందో" అంది చెవులక్క.

"ఇప్పుడు ఏడుస్తూనే ఉంది. నువ్వు వచ్చి సముదాయించు" అన్నాడాయన.

నిజంగానే ఏడ్చింది. ‘గం.’ అని ఉంటే గంటలు అనకుండా ‘గం చుక్క’ అనేది. ఒత్తులు కనబడితే తడబడేది. చెవులక్కకు ప్రోగ్రాములు రాయడం రాదు, కానీ ఏ మాట ఎలా పలకాలో తెలుసు. ఆ పలుకుబడి నియమాలు ఎవరైనా దిద్దగలిగేలా మామూలు వరసల్లో రాసి ఉన్నాయి. ఆమె దిద్దింది, మాస్టారు సరిచూశాడు, ఆ ప్రోగ్రాం చూసుకునేవాళ్ళకు పంపారు. తరవాత వచ్చిన కొత్త రూపంలో ఆమె దిద్దినవన్నీ ఉన్నాయి. ముఖం కూడా తెలియని ఎవరో ఆవిడ, ‘మా అబ్బాయి పాఠాలు ఇప్పుడు నాకు అర్థమవుతున్నాయి’ అని నాలుగు ముక్కలు రాసింది. చెవులక్క ఆ నాలుగు ముక్కల్నీ ప్రోగ్రాం చేత చాలాసార్లు చదివించుకుంది.

ఇంట్లో ఈ అభిప్రాయాలకు పెద్ద గౌరవం లేదు. ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆయనకు తన ఫోనంటే ప్రాణం. అది మెరుస్తుంది, చక్కగా పనిచేస్తుంది, కంపెనీ ఒప్పుకున్నవి తప్ప ఇంకేమీ లోపలికి రానివ్వదు.

"అందులో నీకు నచ్చింది పెట్టుకునే వీలు లేదు. మరి అది నీదెలా అవుతుంది?" అనేది చెవులక్క.

"నేను నడిపే బస్సు నాదా? రోజూ సుఖంగా నడపట్లేదూ?" అనేవాడు ఆయన.

"బస్సు నీదని నీకెవరూ అమ్మలేదుగా."

కూర తరుగుతున్న అత్తగారు, "మీ ఇద్దరి ఫోన్ల గొడవలో నా పప్పు మాడిపోతోంది, ఎవరైనా చూడండి" అని ఆ చర్చకు తెరదించేది.

అలా ఉండగా ఒక సోమవారం కార్యాలయానికి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. చెవులక్క సీట్లో కూర్చుని, ఇన్నాళ్ళూ పాతదాంట్లో వాడిన తన ప్రోగ్రాంను పెన్‌డ్రైవులోంచి పెట్టి, మీట నొక్కి, హెడ్‌ఫోను పెట్టుకుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పక్క సీటావిడ వంగి చూసి, తెర మీద ఏదో రాసి ఉందని చెప్పింది.

"చదువమ్మా."

"అనుమతి లేని ప్రోగ్రాం, నిలిపివేయబడింది అని ఉందక్కా."

చెవులక్క లేచి, గోడ పట్టుకోకుండా నేరుగా, కంప్యూటర్లు చూసుకునే సిస్టమ్స్ ఆఫీసరు గదికి నడిచింది. ఆయన ఆమెకన్నా పదేళ్ళు చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు. ఆమెకు కుర్చీ చూపించి తన బాధ చెప్పుకున్నాడు. కిందటి ఏడాది ఎవరో సరదాకి పెట్టుకున్న ఆటతో పాటు వైరస్ వచ్చి సగం ఫైళ్ళు తినేసింది. సాక్షుల వాంగ్మూలాలు బయటికి పొక్కితే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఈ కంప్యూటర్లలో అమ్మిన కంపెనీ అనుమతి ముద్ర వేసిన ప్రోగ్రాములే నడుస్తాయి.

"తాళం వద్దని నేను అనట్లేదు తమ్ముడూ. ఇన్ని గుట్లున్న చోట తాళం ఉండాల్సిందే. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడుగుతున్నాను."

"నా దగ్గరే ఉంటుంది కదక్కా."

"అయితే నా ప్రోగ్రాంకి తలుపు తియ్యి."

ఆయన ప్రయత్నించాడు. ఆమె పక్కనే కూర్చుని కీబోర్డు చప్పుడు వింటోంది. మొదట చకచకా సాగిన చప్పుడు పోనుపోను నెమ్మదించి ఆగిపోయింది. కంపెనీకి ఫోన్ చేశాడు. అనుమతి ఇవ్వాల్సింది తామేనని, దరఖాస్తు పెట్టుకుంటే పరిశీలిస్తామని, ఈలోగా తాము ఒప్పుకున్న చదివే ప్రోగ్రాం ఒకటి ఉందని, దాన్ని వాడుకోమని అవతలి గొంతు మర్యాదగా చెప్పింది.

ఫోన్ పెట్టేశాక ఆయన, "నా దగ్గర లేదక్కా" అన్నాడు.

చెవులక్క దెప్పలేదు. "సరే, వాళ్ళదే ఇవ్వు. అదీ చూద్దాం" అంది.

నిజాయితీగానే చూసింది. దాని గొంతు మనిషి గొంతులా ఎంత కమ్మగా ఉందో ఇంటికి వెళ్ళి భర్తకు తానే చెప్పింది. కానీ వేగం పెంచితే ఆ కమ్మని గొంతు అక్షరాలు మింగేది. ‘వాంగ్మూలం’ దగ్గర ప్రతిసారీ వాంగ్ అని ఆగి, ఊపిరి పీల్చుకుని, మూలం అనేది. చెవులక్క పని సగానికి పడిపోయింది. గదిలోవాళ్ళు తమ ముక్కలు పట్టుకుని ఆమె దగ్గరికి రావడం మానేశారు, ఆమెకు భారం కాకూడదని. ఆ మంచితనం ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వీధిలో కేబుళ్ళు తవ్వుతూ ఇంటర్నెట్ తెంపేశారు. మిగతావాళ్ళంతా మామూలుగా టైపు చేసుకుంటున్నారు. చెవులక్క హెడ్‌ఫోనులో మాత్రం కమ్మని గొంతు ‘కనెక్షన్ లేదు’ అని చెప్పి నోరు మూసుకుంది.

ఆమె కీబోర్డు మీద చేతులు అలాగే ఉంచి ఆలోచించింది. చదవాల్సిన వాక్యం ఈ కంప్యూటరులోనే ఉంది. వినాల్సిన చెవి దాని ముందే ఉంది. మధ్యలో బయటివాళ్ళతో దీనికేం పని?

మళ్ళీ సిస్టమ్స్ ఆఫీసరు గదికి వెళ్ళింది. "తమ్ముడూ, ఈ గొంతు ఎక్కడ తయారవుతోందో కాస్త కనుక్కో. నా అనుమానం నిజం కాకూడదనే కోరుకుంటున్నాను."

కేబులు బాగయ్యాక ఆయన, కంప్యూటరు నుంచి బయటికి ఏమేం పోతోందో చూసే పరికరాలు పెట్టి ఆ సాయంత్రమంతా కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే తానే ఆమె సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ప్రతి వాక్యం కంపెనీ కంప్యూటర్లకి వెళ్ళి, అక్కడ గొంతుగా మారి, తిరిగొస్తోందక్కా. భద్రంగానే పంపిస్తాం, దాచుకోం అని కాగితాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో రాశారు. అడిగినప్పుడు నాకు అంతా సురక్షితం అనే చెప్పారు. నేను నమ్మాను."

"నా ప్రోగ్రాం మీదే ఎందుకు అనుమానపడ్డావు మరి?"

"నీది ఊరికే వచ్చింది కదా అని."

"మొదట్లో నేనూ అదే అన్నాలే" అంది చెవులక్క, లేస్తూ. "పద, పెద్ద మేడమ్ దగ్గరికి వెళదాం. నువ్వు కనిపెట్టింది నువ్వే చెప్పు, నేను అడ్డు రాను."

అడ్డు రాకుండా ఉండడం ఆమె వల్ల కాలేదు. కార్యాలయాధిపతి అయిన పెద్ద మేడమ్ అంతా విని, మరి ఊరికే వచ్చే ప్రోగ్రాం మాత్రం బయటికి పంపదని నమ్మకమేమిటని అడిగింది. చెవులక్కే అందుకుంది.

"నమ్మమని నేను అడగట్లేదు మేడమ్. విప్పి చూడమంటున్నాను. నాకు అందులో అంతా చదవడం రాదు. ఈ తమ్ముడికి వచ్చు. ఈయనా తప్పిపోతే చూడగలిగినవాళ్ళు బయట బోలెడుమంది ఉన్నారు. ఆ కంపెనీది చూస్తామంటే ఎవరినీ గుమ్మం ఎక్కనివ్వరు."

మేడమ్ సిస్టమ్స్ ఆఫీసరు వైపు తిరిగి ఒకటే అడిగింది. "తాళం మన దగ్గర ఉండేలా చేయగలవా?" చేయగలనన్నాడు ఆయన.

టైపింగు గదిలోని కొత్త కంప్యూటర్లు వెనక్కి వెళ్ళిపోయాయి. పాతవాటిని తుడిచి, వాటిలో అందరికీ తెరిచి ఉండే, లోపలేముందో ఎవరైనా చూడగలిగే సిస్టమ్ వేశారు. ఏ ప్రోగ్రాం నడవాలో కార్యాలయమే నిర్ణయించి ముద్ర వేస్తుంది, ఆ ముద్ర ఉన్న పెన్‌డ్రైవు మేడమ్ బీరువాలో ఉంటుంది. చెవులక్క ప్రోగ్రాంను ఆఫీసరు వారం పాటు విప్పి, చూసి, బయటికి ఒక్క అక్షరం పోవడం లేదని రాసిచ్చాక గానీ ముద్ర వేయనివ్వలేదు. ఆమె ఆ వారం గొణగకుండా ఆగింది. తాళం ఉండాలన్నది తానే కదా.

అంతా సాఫీగా జరిగిపోలేదు. కొత్త సిస్టమ్‌లో కాలి పెడళ్ళు పనిచేయలేదు. గదిలోవాళ్ళంతా మాట మాటకీ కీబోర్డు మీంచి చేతులు తీసి రికార్డు ఆపుకోవాల్సి వచ్చింది. "మీ పుణ్యమా అని మాకు కాళ్ళు పోయాయక్కా" అంది పక్క సీటావిడ, నవ్వులో చిరాకు కలిపి. చెవులక్క ఆ మాట పడింది. ఇంటికి వెళ్ళినా భర్తతో ఫోన్ల సంగతి ఎత్తలేదు.

"ఏంటివాళ ఇంత నిశ్శబ్దం?" అన్నాడు ఆయన.

"పెడళ్ళు పనిచేయట్లేదు. నా మాట విన్నందుకు అందరూ అవస్థ పడుతున్నారు."

"అవి కూడా విప్పి చూడొచ్చు అంటావుగా. అడుగు ఎవరినైనా" అన్నాడు ఆయన, వెటకారం లేకుండానే.

చెవులక్క అడిగితే సంగీతం మాస్టారు పెడలు సంగతి, ఆ సిస్టమ్ వాడేవాళ్ళు ఇంటర్నెట్‌లో మాట్లాడుకునే చోట పెట్టాడు. ఎక్కడో రేడియో స్టేషనులో పనిచేసే ఒకాయన అలాంటి పెడలే వాడుతున్నానని, తాను చేసుకున్న సర్దుబాటు ఇదని పంపాడు. ఆఫీసరు దాన్ని టైపింగు గదిలోని పెడళ్ళకు సరిపోయేలా మార్చాడు. మర్నాటి మధ్యాహ్నానికి గదినిండా కాళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆ మార్పును ఆయన తిరిగి అందరికీ పంపించాడు. అలా పంపడం ఆయనకు అదే మొదటిసారి. పంపాక వచ్చి చెవులక్కతో చెప్పి, చెప్పినందుకు కాస్త సిగ్గుపడ్డాడు.

చెవులక్క ఇప్పటికి ఇంకో రెండు కార్యాలయాల వాళ్ళకు సలహా చెప్పింది. రమ్మంటే వెళుతుంది, తనకు తెలిసింది చెప్పి వస్తుంది. తెరిచి ఉన్నదంతా మంచిదని అనదు. పాడైతే మనిషి చెయ్యి పెట్టడానికి చోటుండాలి, అంతే అంటుంది. ఎవరైనా వాదనకు దిగితే సంతోషిస్తుంది.

ఈ మధ్య టైపింగు గదిలోకి చూపు లేని ఇంకొకావిడ చేరింది. ముందు చాలాకాలం టెలిఫోను ఆపరేటరుగా పనిచేసిన మనిషి, నడివయసు, మాట కరుకు. మొదటి రోజే హెడ్‌ఫోను పెట్టుకుని, ప్రోగ్రాం వేగం చెవులక్కకన్నా ఇంకో మెట్టు పెంచింది. కాసేపయ్యాక అంది:

"ఈ ‘తే.’ని తేదీ అని చదివించే నియమం ఎవరు రాశారో గానీ తప్పు. వాక్యం చివర ‘చెబితే.’ అని ఆగితే, చెబి తేదీ అంటోంది."

గదిలో పెడళ్ళన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ నియమం ఎవరిదో అందరికీ తెలుసు.

"నేనే రాశాను" అంది చెవులక్క. "సాక్షులు వాక్యం మధ్యలో అలా ఎంతమంది ఆగుతారేమిటి?"

"ఏడ్చేవాళ్ళంతా అక్కడే ఆగుతారు."

వాళ్ళిద్దరూ దాని మీద చాలా రోజులే కొట్లాడుకున్నారు, టిఫిను డబ్బాల దగ్గర, మెట్ల మీద, బస్‌స్టాపులో. చివరికి కొత్తావిడ నియమం మార్చి పంపింది. ప్రోగ్రాం చూసుకునేవాళ్ళు తీసుకున్నారు. తరవాతి రూపం రాగానే చెవులక్క తన కంప్యూటరులో అది వేయించుకుని, ఒక పాత వాంగ్మూలం తెరిచి, సాక్షి ‘చెబితే.’ అని ఆగిన చోటికి వెళ్ళి విన్నది.

"బాగుంది" అని కొత్తావిడ వైపు తిరిగి చెప్పి, పెడలు మీద కాలు వేసింది.