సత్యభామ గుండె చుట్టూ నీరు

ఒడిశాలోని మునిగుడ బజారులో చింతపండు, పసుపు టోకున కొనే దుకాణం సత్యభామది. భర్త గణపతిరావు కాటా చూసుకుంటే, కొండల నుంచి దిగినవాళ్లతో వాళ్ల భాషలోనే బేరమాడేది ఆవిడ. ముందు ఆ గొంతే మారింది. బొంగురుపోయి మగగొంతులా తయారైంది. జలుబనుకున్నారు. తర్వాత మండుటెండల్లోనూ శాలువా కప్పుకోవడం మొదలెట్టింది. ముఖం ఉబ్బింది. బస్తాలకు చేరబడి పట్టపగలే నిద్రపోయేది. గణపతిరావు తూకం మధ్యలో లేచివచ్చి, ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలాకే వెనక్కి వెళ్లేవాడు.

ఒక ఉదయం ఆమె మేడమెట్ల మధ్యలో ఆగిపోయింది.

"ఏటండీ, నా గుండి ఒక దెబ్బ కొట్టి, రెండోది కొట్టాలా వద్దా అని ఆలోసిస్తన్నట్టుంది."

అతను మణికట్టు పట్టుకున్నాడు. నాడి ఎంతకీ దొరకలేదు. దొరికాక, దెబ్బకీ దెబ్బకీ మధ్య అతని ప్రాణమే పోయి వచ్చింది.

రైల్లో రాయగడ తీసుకెళ్లాడు. దారిలో ఆమె కళ్లు మూయలేదు. తను నిద్రపోతే గుండె కూడా నిద్రపోతుందని భయం.

డాక్టర్ ఎవాంజెలిన్ స్కాన్ తీయించింది. "గుండె చుట్టూ నీరు చేరిందమ్మా."

"కోసెత్తారా?" అని అడిగింది సత్యభామ.

"అక్కర్లేదు. మీ గొంతులో థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచెయ్యడం లేదు. అందుకే గుండె మందగించింది, నీరు పట్టింది. రోజూ పరగడుపున ఈ మాత్ర ఒక్కటే. నేను చెప్పకుండా పెంచొద్దు."

ఇంటికొచ్చి ఆ మాత్రను అరచేతిలో పెట్టుకు చూస్తే ఆమె భయం రెట్టింపైంది. ఇంత చిన్నది గుండెను ఆడిస్తుందా? వారమైనా వాపు తగ్గలేదు. మొగుడికి చెప్పకుండా రోజుకు మూడేసి మింగడం మొదలెట్టింది.

కొన్నాళ్లకు దుకాణంలోనే రొమ్ము బిగుసుకుపోయింది. నత్తనడక నడిచిన గుండె, ఎవరో తరిమినట్టు పరుగందుకుంది. ఒళ్లంతా చెమటలు.

"నానే సేసుకున్నానండీ! మాత్రలు ఎక్కువేసుకున్నాను. నన్ను ఒగ్గీకండి!" అంటూ మొగుడి చెయ్యి వదల్లేదు.

మళ్లీ రాయగడ. ఈసీజీ కాగితం మిషను నుంచి బయటికొస్తుంటే ఇద్దరూ దాన్ని చూడలేదు, డాక్టరు ముఖమే చూశారు.

"నీరసపడ్డ గుండెను ఒక్కసారిగా పరిగెత్తించకూడదనే కదమ్మా చిన్న మాత్ర ఇచ్చాను!" అంది డాక్టరు. కాసేపటికి మెత్తబడి, "అదృష్టం, గుండెకు దెబ్బ తగల్లేదు" అంది.

అప్పటి నుంచి మాత్రలు గణపతిరావు జేబులోనే ఉంటున్నాయి. డాక్టరే కొద్దికొద్దిగా పెంచింది. చలికాలం వెళ్లేసరికి స్కాన్‌లో నీరు కనబడలేదు. వాపు తగ్గింది, ఆయాసం పోయింది.

"ఇంక మానెయ్యొచ్చా అమ్మా?" అని ఆశగా అడిగింది సత్యభామ.

"లేదు. బతికినన్నాళ్లూ వేసుకోవాలి."

ఆ మాట ఆమెకు ఇప్పటికీ మింగుడుపడలేదు. మందుల దుకాణం మూసి ఉంటే చాలు, మాత్ర దొరక్కపోతే గుండె ఆగిపోతుందేమోనని రొమ్ము మీద చెయ్యి వేసుకుని అక్కడే నిలబడిపోతుంది.