తమ్ముడి కంప్యూటర్ ఆన్ చేసిందెవరు?

నా లాప్‌టాప్‌లో కమాండ్లు టైపు చేసే నల్ల విండో కొన్నాళ్లుగా ఒక రోజు టక్కున తెరుచుకుంటోంది, ఇంకో రోజు బిగుసుకుపోతోంది. ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి తిరువూరు నెట్‌ను తిట్టుకుంటూ సరిపెట్టుకున్నాను.

ఈ రోజు పట్టుబట్టి వెతికాను. విండో తెరిచినప్పుడల్లా నడిచే ఫైల్లో తమ్ముడు రాసిన లైను ఒకటి దొరికింది. పాటల కోసం పక్క గదిలోని తన కంప్యూటర్‌తో నాదాన్ని కలిపేది. అది ఆన్‌లో ఉంటే వెంటనే కలుస్తుంది, లేకపోతే ఎదురుచూస్తూ ఆగిపోతుంది.

తమ్ముడు పోయిన క్రిస్మస్‌కి ముందు, గంపలగూడెం నుంచి బైక్ మీద వస్తూ చనిపోయాడు. మరి ఆ కంప్యూటర్ ఆన్ చేస్తున్నదెవరు? ఇవాళ కూడా విండో టక్కున తెరుచుకుంది.

వెళ్లి తలుపు తోశాను. అమ్మ వాడి కుర్చీలో కూర్చుని ఉంది. స్క్రీన్ మీద వాడి ఫొటో, కింద పాస్‌వర్డ్ అడుగుతూ ఖాళీ గడి.

"పాస్‌వర్డ్ నీకు తెలీదుగా అమ్మా?"

"లోపలికెళ్లి నేనేం చేస్తానే? ఫొటో దాకా వస్తుందిగా, చాల్లే."

ఆ ఒక్క లైను తీసేస్తే నా సమస్య తీరిపోతుంది. మీరైతే తీసేస్తారా? నా చెయ్యి రాలేదు. ఇన్నాళ్లూ విండో టక్కున తెరుచుకున్న ప్రతిసారీ, ఇవాళ నెట్ బాగుందని సంబరపడ్డాను చూడండి, అదే మింగుడు పడటం లేదు.