జీపు బాట పక్కన తవ్విన బావి

మొన్న మా కాలనీ సంఘం నాచారం పాత సంగతులతో ఒక చిన్న పుస్తకం అచ్చు వేసింది. అందులో ఒక వాక్యం ఉంది: బావి మంజూరైనా ఊరివాళ్లు శ్రమదానానికి ముందుకు రాకపోవడంతో పని ఆగిపోయిందని. పాత బ్లాకు ఆఫీసు కాగితాల్లో దొరికిందట. ఆ వాక్యం రాసింది నేను. అది అబద్ధం.

అరవైల మొదట్లో నేను ఉప్పల్ వైపు బ్లాకు ఆఫీసు పథకాలు ఊళ్లకు చేర్చే గ్రామసేవక్‌ని. కృష్ణా జిల్లా నుంచి వచ్చాను. ఒక సైకిలు, ఒక గొడుగు, చంకలో రిజిస్టరు. నాచారంలో అప్పటికింకా జొన్నచేలు, కూరగాయల మడులే ఎక్కువ. బావి తవ్వే కష్టం ఊరిది, రాతికట్టుకు సామాను ఆఫీసుది అని పథకం. రెండెకరాల రైతు ఒకాయన స్థలం ఇస్తానన్నాడు. ఆయన్ని నేను మామా అని పిలిచేవాణ్ని. వాన మొహం చాటేస్తే ఆ రెండెకరాల్లో ఆయనకు గింజ దక్కేది కాదు.

చేను వెనకాల పల్లానికి తీసుకెళ్లి చూపించాడు.

"ఈడ సూడు సారూ. ఎండకాలంల గూడ గరక ఎండది. ఈడ తవ్వుతె నీళ్లేనని మా నాయిన జెప్పిండు."

"ఇక్కడికి జీపు రాదు మామా. ఆఫీసర్లు చూడడానికి వస్తే ఎలా?"

ఆయన భార్య గడ్డిమోపు దించి నా వంక చూసింది. "బాయి మాకా, మీ ఆఫీసర్లకా? జీపొచ్చి నీళ్లు తాగుతదా ఏంది సారూ?"

చుట్టూ చేరిన ఊరివాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే వెళ్లి బాట అంచున, ఆయన వంకాయ మడి మధ్యలో సున్నంతో గుండ్రంగా గీత గీశాను. అలా చేయమని నాకెవరూ చెప్పలేదు. బాట పక్కనుంటే పదిమంది కళ్లబడుతుందని నేనే అనుకున్నాను. మామ ఆ గీత వైపు చూశాడు.

"సదువుకున్నోనివి. నీకే ఎరుక," అని వంగి, పూతమీదున్న వంగ మొక్కలు తనే పీకేశాడు.

ఆ ఎండాకాలమంతా తవ్వారు. తెల్లారకముందే మొదలుపెట్టి ఎండ మాడ్చేదాకా. ఆడవాళ్లు తట్టలతో మట్టి మోశారు. అందరూ అంటే అందరూ వచ్చారు. రాని ఇల్లు లేదు. నేను ఒడ్డున గొడుగు వేసుకుని నిలబడితే, "సారు ముత్తెమంత గూడ కరగొద్దు, జర నీడకు జరుపున్రి," అని ఎగతాళి చేసేవారు. మూడు నిలువుల లోతున బండ తగిలింది. చెమ్మ కూడా లేదు.

పని ఎందుకు ఆగిందో నివేదిక పంపమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చోటు తప్పని రాస్తే, చోటు ఎవరు చూపారని అడుగుతారు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అందుకని ఊరి సహకారం లేదని రాశాను. కింద ఊరివాళ్లలో ఒకరి వేలిముద్ర ఉండాలి. ఆ కాగితం మామ దగ్గరికే తీసుకెళ్లాను.

"ఏం రాసినవ్ సారూ?"

"పల్లంలో ఇంకో బావి ఇమ్మని రాశాను."

ఆయన ముఖం విప్పారింది. ఇంట్లోకి కేకేశాడు: "ఇన్నవా? సారు మన గరక జాగనే రాసిండు!" బొటనవేలు గట్టిగా ఒత్తి, అంటిన సిరా తల వెంట్రుకలకు తుడుచుకున్నాడు.

మరుసటి ఏడు బావుల జాబితాలో ఆ ఊరు లేదు. ఆ పై ఏడూ లేదు. నేను సైకిలు మీద పోతుంటే చేలోంచే అడిగేవాడు, "కాయిదం ఏమాయె?" అని. పై వాళ్ల దగ్గర ఉందనేవాణ్ని. కొన్నాళ్లకు అటువైపు పోవడమే మానేశాను, చిల్కానగర్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ని. తర్వాత అక్కడ ఫ్యాక్టరీ వచ్చింది, మామ రెండెకరాలూ దానికి పోయాయి. ఆయన ఆ గేటు దగ్గరే కాపలాకు కుదిరాడు.

ఒక్కసారి ఎదురుపడ్డాం. ఖాకీ చొక్కా ఆయనకు వదులుగా ఉంది. లేచి నిలబడి దండం పెట్టాడు.

"సారూ, గా కాయిదం వచ్చిందా?"

చేను లేదు, గరక లేదు. అయినా అడిగాడు.

"రాలేదు మామా," అన్నాను.

ఇప్పుడాయన లేడు. కాలనీ సంఘం వాళ్లకు ఇదంతా రాసి ఇస్తున్నాను, పుస్తకం మళ్లీ వేస్తే ఆ వాక్యం తీసేయమని. ఊరు ముందుకు వచ్చింది. తవ్వింది. చోటు నేను తప్పుగా చూపించాను. ఆ వేలిముద్రకు పైన ఉన్న మాటలు ఆయనవి కావు.