డిస్కులో మా అమ్మాయి గొంతు

ఉందండీ, మా అమ్మాయి సుగుణ గొంతు డిస్కులో నిక్షేపంగా ఉంది! క్రిస్మస్‌కి వాళ్ల చర్చి క్వయర్ చేసిన డిస్కులో ఒక పాట పూర్తిగా తనదే. తీరా నౌపడలో మా ఇంట్లో పెడితే తబలా, కీబోర్డు గింగురుమన్నాయి గానీ, గొంతు మాత్రం ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. డిస్కు తుడిచాను, ప్రార్థన కూడా చేశాను. రికార్డింగువాళ్లే పిల్ల గొంతు తొక్కేశారని చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ తిట్టాను.

ఈ రోజు మా బావమరిది ప్రకాశం వచ్చి స్పీకర్ల వెనక చెయ్యి పెట్టాడు.

"బావా, ఈ నల్ల వైర్లు రెండూ జడలాగ ముడేసినావేటి?"

"సున్నాలేసినప్పుడు ఊడిపోనాయిరా. ఎర్రవి పాటల పెట్టెకి గుచ్చీసినాను. ఇవి వేలాడతన్నాయని ఒకదానికొకటి కలిపీసినాను."

"డిస్కుని కాదు, నిన్ను తుడవాల! అలాగ కలిపితే రెండు స్పీకర్లలోనూ సమానంగా ఉన్న గొంతు ఒకదాన్నొకటి కొట్టుకుపోతాది, ఒక్కో పక్కకి ఉన్న తబలా, కీబోర్డే మిగుల్తాయి."

ముడి విప్పి, ఏ కన్నంలో వైరు ఆ కన్నంలో పెట్టాడు. అంతే! సుగుణ మా ముందు నిలబడి పాడినట్టే వచ్చింది. మా ఆవిడ గరిటె పట్టుకునే కూర్చుండిపోయింది. నేను ఏడ్చేశానండీ, సిగ్గేం లేదు.

మీలో ఎవరైనా తమ చేత్తో చెడగొట్టి ఊరందరినీ తిట్టారా? చెప్పండి, నాకు తోడు కావాలి.

ఇప్పుడు నేను మళ్లీ ఫోన్లు చేసి నిజం చెప్పవలసినవాళ్లు: శ్రీకాకుళం పెద్దక్క, విజయనగరం తోడల్లుడు, పలాస మేనల్లుడు, మా వియ్యపురాలు. అందరికంటే ముందు సుగుణ. "ఎలాగుంది నాన్నా?" అంటే, గొంతు సరిగ్గా వినపడకపోయినా బాగుందన్నాను. ఇప్పుడు విని చెప్పాలి.