మొలకొచ్చాక కొట్టొద్దు

పొద్దున్నే కిటికీ తెరవగానే ఘాటైన వాసన గదిలోకి వచ్చింది. కిరోసిన్‌లా మొదలై గొంతులో చేదుగా నిలిచిపోయే వాసన. పక్కింటాయన లుంగీ మడిచి కట్టుకుని, వీపుకు పంపు తగిలించుకుని, మందార చెట్ల మొదళ్లలో గడ్డిమందు కొడుతున్నాడు. నన్ను చూసి పంపు ఆపాడు. "గట్టిగ పనిచేసే మందు పేరేదన్న చెప్పుండ్రి సార్. పేపర్ల పనిచేసిండ్రు, మీకు తెల్వకుంటదా?" అన్నాడు. ఏ గడ్డికి అని అడిగాను. "గడ్డికే సార్. గడ్డంటే గడ్డేనాయె" అని నవ్వాడు. ఆయన మంచివాడే. అయినా నాకు ఒళ్లు మండింది. మండింది ఆయన మీద కాదు. ఏ కలుపు, ఏ పంట, ఎంత ఎదిగింది అని అడగకుండా మందు పేరు మాత్రం చెప్పేవాళ్ల మీద. ఒకప్పుడు వాళ్లలో నేనూ ఒకణ్ని. అది తప్పని నాకు నేర్పింది వ్యవసాయ శాస్త్రవేత్త కాదు, మా సంపాదకుడూ కాదు. రూతమ్మ అనే కలుపు కూలీ.

రెండు వేల దశకం మొదట్లో నేను ఆర్మూర్‌లో ఒక దినపత్రికకు విలేకరిని. పసుపు ధర, మక్కల ధర, హైవే మీద ప్రమాదాలు, గల్ఫ్‌కు పోయి చిక్కుకున్నవాళ్ల గోడు, ఇవే నా వార్తలు. ఏర్గట్ల దారిలోని ఒక ఊళ్లో రూతమ్మ పదిహేను మంది ఆడవాళ్ల కలుపు ముఠాకు పెద్ద. యాభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, పెద్ద గొంతు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆమే, సోమవారం పొద్దున ఆలస్యంగా వచ్చినవాళ్లను తిట్టేదీ ఆమే. వానాకాలం మొదట్లో, పసుపు వేసి రెండు వారాలైనా కాకముందు, కలుపు కూలీల ఫొటో కోసం వాళ్లు పనిచేస్తున్న తోటకు వెళ్లాను. కెమెరా తీయగానే ఆమె లేచి నిలబడింది.

"ఫొటో తర్వాత సారూ. ముందుగాల గీ మొక్క పీకు" అంది.

పీకాను. పైనున్న ఆకులు చేతికొచ్చాయి.

"గంతేనా? తుంగ అంటరు దీన్ని. కింద గడ్డ ఉన్నది, చూడు" అని ఖుర్పీతో మట్టి తవ్వి, నల్లటి చిన్న గడ్డల దండ పైకి తీసింది. "నువ్వు పీకింది ఒకటి. రేపటికి నాలుగు లేస్తయి. గిదేమో గరిక, తీగ లెక్క పాకుతది. అగో, గది వయ్యారిభామ, పూత రాకముందే తియ్యాలె. గడ్డి అంటే ఒక్కటా? మనిషి అంటే ఒక్కటా?"

మిగతా ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆమె గడ్డిమందుకు శత్రువు అనుకోవద్దు. తుంగకు చేతులతో సరిపోదని ఆమే చెప్పింది. పసుపు కొమ్ము నాటినాక మొలక పైకి రావడానికి మూడు వారాలైనా పడుతుంది. ఆలోపు తుంగ లేస్తుంది. అప్పుడు కొడితే మందు తుంగ ఆకుల్లోంచి గడ్డలోకి దిగి చంపుతుంది, మట్టి కింద ఉన్న పసుపుకు ఏమీ కాదు. "గని మొలకొచ్చినంక కొడితే అయిపాయె. మందుకేమెరుక, దానికి పసుపు గూడ తుంగనే" అంది. పుస్తకంలో రాసుకున్నాను.

ఆ వారమే మార్కెట్ యార్డు దారిలోని ఒక మందుల దుకాణం యజమాని నన్ను పిలిచి, తుంగను చంపే కొత్త మందు వచ్చిందని చాయ్ తాగించి చెప్పాడు. వార్త రాశాను. ముఖ్యమైనది ముందు రాయాలి, తక్కువ ముఖ్యమైనది చివర రాయాలి, డెస్క్‌లో చోటు చాలకపోతే కిందినుంచి కోస్తారు. మా వృత్తిలో మొదటిరోజు నేర్పే పాఠం ఇది. దుకాణదారు మాటలు మొదట రాశాను, ఆయన దుకాణదారు కాబట్టి. రూతమ్మ చెప్పిన రెండు వాక్యాలు చివర రాశాను. ఆమె కూలీ కాబట్టి. ఇంతకంటే వేరే కారణం వెతికి నన్ను నేను మోసం చేసుకోదలచుకోలేదు.

వార్త నెలాఖరుకు గానీ అచ్చు కాలేదు. "తుంగకు తిరుగులేని మందు" అని శీర్షిక. కింద అదే దుకాణం ప్రకటన. ప్రకటనకు చోటు కోసం చివరి రెండు వాక్యాలు కోశారు. అప్పటికి చాలా తోటల్లో పసుపు మొలకలు వేలెడెత్తు లేచాయి.

ఎనిమిది రోజుల తర్వాత రూతమ్మ బస్సు దిగి మా ఆఫీసుకు వచ్చింది. ఆఫీసంటే ఒక గది, ఒక ఫోను, ఒక ఫ్యాక్స్ యంత్రం. బల్ల మీద మడిచిన పేపరు పెట్టింది. దాని మీద పసుపు మొలక ఒకటి పెట్టింది. ఆకు అంచులు కాలినట్టు ఉన్నాయి, మొదలు మెత్తబడింది.

"గిది రాసింది నువ్వేనా?"

"నేనే."

"మా ఊరి రాజన్న కొట్టిండు. అర ఎకరం. ఎవరు చెప్పిండ్రురా అంటే పేపరు చూపెట్టిండు. నేను నీకు ఏం చెప్పిన? మొలకొచ్చినంక కొట్టద్దని చెప్పిన్నా లేదా?"

రాశాననీ, చోటు లేక కోశారనీ చెప్పాను. ఆమె పేపర్లోని ఆ వార్త మీద వేలు పెట్టింది. "మందు పేరుకు జాగ దొరికింది. దుకాణం పేరుకు దొరికింది. ఎప్పుడు కొట్టద్దో గా ముక్కకే జాగ లేకపాయెనా?" అంది. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఊళ్లో ఇంకో పది ఇళ్లవాళ్లు డబ్బాలు తెచ్చి పెట్టుకున్నారు. ముసురు విడవలేదనే ఆగారు. రేపు ఎండ కొడితే పంపులు భుజానికెత్తుతారు.

ముందు దుకాణానికి వెళ్లాం. నా వార్తను కత్తిరించి అద్దానికి అంటించుకున్నాడు. దాన్ని తీసెయ్యమన్నాను, కొన్నవాళ్లకు చెప్పి పంపమన్నాను. ఆయన నవ్వాడు. "రైతు ఏది అడిగితే అది ఇస్తం సార్. మీ పేపరు చూపెట్టే అడుగుతుండ్రు. నేనెందుకు కాదంట? డబ్బా మీద రాసే ఉంటది" అన్నాడు. డబ్బా తిప్పి చూశాను. రాసే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆయన నా వైపు వంగి, రూతమ్మకు వినబడేలాగే అన్నాడు: "గీమె ముఠాకు పని పోతదని గిట్ల లొల్లి చేస్తుంది. గంత తెల్వదా మీకు?"

"పోతది సేటు" అంది రూతమ్మ. "నా పదిహేను మందికి కూలి పోతది. సారూ, గది గూడ రాసుకో. గని తోట సచ్చినంక నాకేం కూలి దొరుకుతది? సచ్చిన తోటల కలుపు తీస్తరా ఎవలన్న? డబ్బా ఇచ్చెటప్పుడు మొలకొచ్చిందా అని ఒక్కనాడన్న అడిగినవా?"

ఆయన అప్పుడే లోపలికొచ్చిన రైతు వైపు తిరిగి, "ఏం గావాలె పటేలా?" అన్నాడు.

ఆఫీసుకు వచ్చి డెస్క్‌కు ఫోన్ చేశాను. సవరణ వెయ్యాలన్నాను, రేపే వెయ్యాలన్నాను. అవతలివైపు పెద్దమనిషి విసుక్కున్నాడు. "రేపు అదే పేజీలో వాళ్ల యాడ్ ఉందయ్యా. పైన వార్త తప్పని వేసి కింద యాడ్ వెయ్యమంటావా? రైతులు డబ్బా చదువుకోరా? ఆదివారం చూద్దాంలే." ఆయన వచ్చే ఆదివారమన్నాడు. మొలకలకు ఉన్నది ఒక్క రోజు. ఆ సవరణ ఆ ఆదివారం రాలేదు, ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు.

రూతమ్మ ఫోనులో ఇటువైపు మాటలు మాత్రమే విన్నది. అయినా అర్థమైంది. "మీ పేపర్ల జాగ లేకుంటే మా ఊర్ల ఉన్నది. లే" అంది.

ఆ సాయంత్రమే ఊరి కమిటీ పెద్దను ఒప్పించి చాటింపుకు మాట తీసుకుంది. తెల్లారి ముసురు విడిచింది. డప్పు పోశన్న చావడి ముందు నిలబడ్డాడు. ఏమని చాటాలని నన్నే అడిగాడు. నేను వృత్తి మర్యాద తప్పకుండా మొదలుపెట్టాను: "ఫలానా తేదీన మా పత్రికలో ప్రచురితమైన వార్తలో..."

"ఆగు ఆగు" అంది రూతమ్మ. "నీ తేదీలు వినేటందుకు ఆగుతరా వాళ్లు? ముందుగాల కొట్టద్దని చెప్పు. పేపరు సంగతి ఆఖరుకు. జాగ లేకుంటే గదే కోసెయ్."

పోశన్న డప్పు మీద మూడు దెబ్బలు వేశాడు. "వినుండ్రి! పసుపు మొలకలొచ్చిన తోటల గడ్డిమందు కొట్టద్దు! కొడితే పసుపు గూడ సస్తది! పేపర్ల వచ్చింది తప్పు! రాసిన సారు గీడనే ఉన్నడు, అడుగుండ్రి!" వాడవాడకూ తిరిగాం. నేను డప్పు వెనకే నడిచాను. ఒక గడపలోంచి ఒకావిడ, "ఏం సారూ, పేపరు బందు పెట్టి డప్పు వట్టినవా?" అంది. అందరూ నవ్వారు. నవ్వాల్సిందే. తొమ్మిది ఇళ్లవాళ్లు ఆగిపోయారు. పదో మనిషి చీకటితోనే పొలానికి వెళ్లి, మేం చేరేసరికి సగం మడి కొట్టేశాడు. రూతమ్మ గట్టు మీద నుంచి అరిచి అక్కడితో ఆపించింది.

చివరికి రాజన్న తోటకు తీసుకెళ్లింది. రానని అన్నాను. "వస్తవ్" అంది, అంతే. అర ఎకరం మొత్తం ఎండిన గడ్డి రంగులో ఉంది. తుంగ కూడా చచ్చింది, మందు తన పని తాను చక్కగా చేసింది. ఆ ఏడు అతనికి మళ్లీ నాటడానికి విత్తనపు కొమ్ము దొరకలేదు. దుకాణం ఒక్క పూట కూడా మూతపడలేదు. నాలుగేళ్లకు మిద్దె మీద మిద్దె లేచింది. మా పత్రిక ఆ ఏడు కూడా రైతు పేజీలో రైతే రాజని రాసింది. ఎవరికీ ఏ శిక్షా లేదు. నాతో కలిపే చెబుతున్నాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఈ పనిలోనే ఉన్నాను. ఎవరేం చెప్పినా, చెయ్యకూడనిది ఏమిటో ముందు రాశాను. అందుకు డెస్క్‌లో వెక్కిరించారు, నా వార్తలు మందుల సీసా మీది చీటీల్లా ఉంటాయన్నారు. ఒప్పుకున్నాను. కూలీ మాట పైన, సేటు మాట కింద పెట్టినందుకు రెండు ప్రకటనలు పోయాయి, ఒక బదిలీ వచ్చింది. అలా రాయడం రూతమ్మ పెట్టిన అలవాటు.

కానీ గట్టు మీద రాజన్న అన్నదే ఇంకా బరువు. తిడతాడని చూశాను. అతను తిట్టలేదు. చచ్చిన మొలకను కాలి బొటనవేలితో నెడుతూ అన్నాడు: "మీ తప్పేమున్నది సారూ. మా ఊర్ల సదువు రానోళ్లెవ్వలూ కొట్టలే. వాళ్ల తోటలు మంచిగున్నయి. నేను సదువుకున్న గదా, గదే నా తప్పు."