మాస్టారి కోణం: విజయనగరం నుంచి నరసన్నపేటకి

మా లెక్కల మాస్టారి లెక్క తప్పని చెప్పడానికి నేను మొదటిసారి నరసన్నపేట వెళ్ళాను. అరవయ్యో దశకం చివరి రోజులవి. విజయనగరంలో ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరాను. మాది నెల్లిమర్ల. జూట్‌మిల్లుకి వెళ్ళే దారిలో మా నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. అక్కడి హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పినవారు అప్పలస్వామి మాస్టారు. బోర్డు మీద లెక్క పూర్తయ్యాక ఆయన వెంటనే తుడిచేసేవారు కాదు. రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, ఎవరో పాడుతుంటే వింటున్నట్టు దాన్నే చూస్తూ నిలబడేవారు. లెక్కని అలా కూడా చూడొచ్చని నాకు ఆయన వల్లే తెలిసింది. రిటైరయ్యాక ఆయన నరసన్నపేట దగ్గరి సొంత పల్లెకి వెళ్ళిపోయారు. నేను చదువులో, ఆ తరవాత ఉద్యోగంలో పడి, ఆయన్ని మళ్ళీ చూడనే లేదు.

ఒక శుక్రవారం సాయంత్రం సింహాచలం, విజయనగరంలో నేనూ అమ్మా ఉంటున్న ఇంటికి వచ్చాడు. మాతో చదివినవాడే. నరసన్నపేటలో బట్టల కొట్టు పెట్టుకుని, సరుకు కోసం విజయనగరం వస్తూ పోతూ ఉండేవాడు. మాస్టారు ఇన్నేళ్ళూ కూర్చుని, కంపాసూ, కొలతల గుర్తుల్లేని బద్దా తప్ప మరేదీ వాడకుండా ఏ కోణాన్నయినా మూడు సమభాగాలు చేసే పద్ధతి కనిపెట్టారని చెప్పాడు. లోకంలో ఎవరికీ చేతకాని పని అట. ఆదివారం పొద్దున్న నరసన్నపేటలో పాత విద్యార్థులందరూ సభ పెడుతున్నారు. ఆయన అక్కడ గీసి చూపిస్తారు, వీళ్ళు శాలువా కప్పుతారు. ఇంకా దూరం ఊళ్ళ నుంచి లెక్కల మాస్టర్లని కూడా పిలిచారట. "మన మాస్టారు గట్టోడే, పైడమ్మా" అని వాడు మురిసిపోయాడు. ఆ పని ఇంతవరకూ ఎవరికీ చేతకానిది మాత్రమే కాదు, ఎప్పటికీ ఎవరికీ చేతకాదని రుజువైపోయి వందేళ్ళు దాటింది. నేను ఎమ్మెస్సీలో చదువుకున్నాను. పిలిచిన మాస్టర్లలో ఒక్కరికైనా ఆ సంగతి తెలిసి ఉంటే, శాలువా కప్పాల్సిన చోట మా మాస్టారు నవ్వులపాలవుతారు.

మర్నాడు శనివారం. తెల్లవారగానే విజయనగరంలో పాసింజరు ఎక్కాను. ఒంటరిగా పంపడానికి మా అమ్మ కాసేపు గునిసింది కానీ మాస్టారింటికి అనేసరికి ఊరుకుంది. మూడో తరగతి టికెట్టు రెండు రూపాయలకి అటూ ఇటూ. మార్గశిరం చలి, కిటికీలోంచి బొగ్గు నుసి. చీపురుపల్లి దాటాక పొలాల్లో కోసిన వరి పనలు పరిచి ఉన్నాయి. పొందూరులో ఖద్దరు మూటలతో నలుగురు ఆడవాళ్ళు ఎక్కి, నేను లెక్కలు చెప్తానంటే నమ్మలేక నన్ను పైనుంచి కిందికి చూశారు. నాగావళి వంతెన మీద అందరూ మాటలాపి నీళ్ళకేసి చూశారు. శ్రీకాకుళం రోడ్డులో బండి చాలాసేపు ఆగింది, అక్కడ ఇడ్లీ తిన్నాను. వంశధార కూడా దాటి తిలారులో దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. దారి పొడుగునా ఒక్కటే ఆలోచన, మొదటి మాట ఎలా ఎత్తాలి అని. వాక్యం కుదిరినట్టే ఉండేది, స్టేషను వచ్చేసరికి చెదిరిపోయేది.

తిలారు స్టేషను బయట రెండు జట్కాలే ఉన్నాయి. రూపాయికి బేరం కుదిరింది. మాస్టారి పేరు చెప్పగానే బండివాడు నవ్వాడు. ఆయన ఊళ్ళో ఎక్కడ చదునైన నేల కనబడితే అక్కడ గీతలు గీస్తారట. "రేపు ఏదో సబ ఉన్నాది గదమ్మా, మా ఈదోళ్ళందరం ఎల్తన్నాం. మాకేటీ తెల్దనుకో, ఆయన కోసరం" అన్నాడు.

ఊరి చివర పెంకుటిల్లు. మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. తల పూర్తిగా నెరిసింది, కళ్ళద్దాలు మందమయ్యాయి, మనిషి మాత్రం అదే మనిషి. నన్ను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. కాళ్ళు కడుక్కునేలోపే ఏం చదివావు, ఏం చెప్తున్నావు, పిల్లలకి ఎక్కడ కష్టంగా ఉంది అని అన్నీ అడిగారు. ఆయన భార్య, మేం అమ్మగారు అని పిలిచే సన్నమ్మగారు, ఆవ పెట్టిన ఆనపకాయ కూరతో అన్నం పెట్టి, తింటున్నంతసేపూ పక్కనే కూర్చున్నారు. భోజనం కాగానే మాస్టారు తెల్ల కాగితం పరిచి తన పద్ధతి గీసి చూపించారు. ఎంత అందంగా ఉందో చెప్పలేను. పది పన్నెండు గీతలు, నాలుగు చాపాలు, ఒక్కటి కూడా అనవసరమైనది లేదు. కోణమానిని పెట్టి కొలిస్తే మూడు భాగాలూ సమానంగానే ఉన్నాయి. తప్పని ముందే తెలిసిన నేను కూడా, ఎక్కడ తప్పిందో కాగితం మీద పట్టుకోలేకపోయాను.

నోరు తెరిచి తప్పని అనలేక, "బొమ్మ చిన్నదైతే తప్పు దాక్కుంటుందని మీరే చెప్పేవారు కదా మాస్టారూ, పెద్దగా గీసి చూద్దామా?" అన్నాను. ఆయన సంబరపడ్డారు. సభలో అందరికీ కనబడాలంటే ఎలాగూ పెద్ద బొమ్మే కావాలి కదా అన్నారు. ఇంటి వెనక కళ్ళం ఉంది. పేడతో అలికి, ఆరి, నూర్పు కోసం సిద్ధంగా ఉన్న చదునైన నేల. రెండు మేకులు, గొడ్లని కట్టే పొడవాటి పలుపుతాడు, ముగ్గుపిండి తీసుకుని ముగ్గురం దిగాం. అమ్మగారు మేకు పట్టుకుంటే నేను తాడు చివర పట్టుకుని తిరిగాను. మాస్టారు ఎక్కడ ఆగాలో చెప్తూ, పిండితో గీతలు వేశారు. చివరికి మొదటి భాగం తేలింది. దాని వెడల్పుని తాడుతో కొలిచి, పెద్ద చాపం మీద మూడుసార్లు వేసుకుంటూ వెళ్తే మూడోది సరిగ్గా రెండో భుజం మీద పడాలి. పడలేదు. భుజాన్ని దాటి అరచేతి వెడల్పు అవతలికి పోయింది.

తాడు సాగి ఉంటుందన్నారు మాస్టారు. పలుపు మార్చి కొత్త కొబ్బరితాడు తెచ్చారు. మేకులు మళ్ళీ గట్టిగా దిగ్గొట్టి, మొదటి నుంచీ గీశాం. మళ్ళీ అదే అరచేయి. ఆయన కళ్ళం గట్టు మీద కూర్చుండిపోయారు. అమ్మగారు నా దగ్గరికి వచ్చి, "ఏటి సేసేవమ్మా? ఈయనిట్టా మాట నేకుండా కూకోడం నానెప్పుడూ సూడ్నేదు. రేపు అందరూ వస్తారు, ఏటని సెప్తాడు?" అన్నారు. గొంతులో కోపం లేదు, భయం ఉంది. పొద్దున్న ఆ రైలు ఎక్కకుండా ఉంటే బాగుండేదనిపించింది.

మాస్టారు తలెత్తి, నన్ను పిలిచి ఒక ప్రశ్న అడిగారు.

"నిజం సెప్పమ్మీ. ఇది నాకు రాలేదా, ఎవరికీ రాదా?"

"ఎవరికీ రాదు మాస్టారూ. రాదని రుజువు ఉంది."

ఆయన దగ్గరున్న పాత పుస్తకంలో, ఇది ఇంతవరకు ఎవరికీ సాధ్యపడలేదు అని మాత్రమే ఉందట. ఆ 'ఇంతవరకు' అన్న మాట పట్టుకుని ఆయన ఇన్నేళ్ళు కూర్చున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటున్నాను. ఆయనకి అవి అక్కర్లేకపోయాయి.

"అయితే ఆ రుజువు సెప్పు" అన్నారు.

మళ్ళీ అరుగు మీదికి వచ్చాం. కంపాసూ బద్దా చేతిలో ఉంటే మనం చేయగలిగింది కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు, వర్గమూలాలు, అంతే అని మొదలుపెట్టాను. అరవై డిగ్రీల కోణాన్ని మూడు చేయాలంటే ఇరవై డిగ్రీల కొసైను కావాలి. అది 8x³ − 6x − 1 = 0 అనే ఘన సమీకరణానికి మూలం. ఆ సమీకరణానికి భిన్నం రూపంలో మూలం లేదు, కాబట్టి గీయలేం అన్నాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపారు. భిన్నం కాకపోతే పోనీ, వర్గమూలాలు కలిసిన మూలం ఎందుకు ఉండకూడదు అని అడిగారు. దానికి పెద్ద సిద్ధాంతం ఉందని, అది చెప్పాలంటే నెలలు పడుతుందని అన్నాను. తనకి రేపు పొద్దున్నే సభ ఉందని, చిన్న దారేదైనా చూడమని అన్నారు.

చూశాం, ఇద్దరం కలిసి. దీపాలు పెట్టే వేళ దాకా కాగితాల మీద కాగితాలు. మూలం a + b√c అనుకుందాం అని నేను రాశాను. అలాగైతే a − b√c కూడా మూలమే అవుతుంది. అక్కడ నేను ఆగిపోయాను. మాస్టారు నా చేతిలో పెన్సిలు లాక్కున్నంత పని చేశారు.

"x² పదం లేదు గదా. మూడు మూలాలూ కలిపితే సున్నా. అంటే మూడోది −2a. సూడు, దాంట్లో √c ఏదీ?"

వర్గమూలం ఊడిపోయింది. మిగిలినదానిలో ఇంకో వర్గమూలం ఉంటే అదే వాదనతో అదీ ఊడుతుంది. అలా ఒక్కొక్కటే ఊడుతూ పోతే చివరికి భిన్నమే మిగలాలి. భిన్నమేమో లేదు. అంటే అలాంటి మూలమే లేదు. పెద్ద పుస్తకాల్లో బరువుగా చదివినదాన్ని మా మాస్టారు హైస్కూలు బీజగణితంతో ముగించారు. ఆయన కాగితం దూరంగా పట్టుకుని, చేతులు చాచి, నా చిన్నప్పుడు బోర్డు ముందు నిలబడ్డట్టే దాన్ని చూస్తూ ఉండిపోయారు. ఆయన ముఖం చూసి అమ్మగారు ఏమీ అడగకుండా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆదివారం పొద్దున్న ఎడ్లబండి మీద ముగ్గురం నరసన్నపేట వెళ్ళాం. అరగంట దారి. సభ జరిగే చోట కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. జట్కా బండివాడు తన వీధివాళ్ళతో వచ్చాడు. సింహాచలం శాలువా పట్టుకుని హడావిడిగా తిరుగుతున్నాడు. మాస్టారు బోర్డు దగ్గరికి వెళ్ళి, తాను చూపిస్తానన్నది చూపించలేనని మొదటే చెప్పేశారు. ఆ తరవాత తన పద్ధతిని గీసి, అది ఎంత దగ్గరికి వస్తుందో, ఎక్కడ తప్పుతుందో వివరించారు. అక్కడి నుంచి ఎవరికీ ఎందుకు రాదో, −2a దాకా, ఒక్క మెట్టు వదలకుండా చెప్పారు. మధ్యలో నన్ను లేపి, ఈ రుజువు తన దగ్గరికి తెచ్చింది ఈ అమ్మాయే అన్నారు. దూరం నుంచి వచ్చిన ఒక మాస్టరు నిలబడి రెండు ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకుని కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు.

చివర్లో సింహాచలం శాలువా కప్పబోతూ, మనసులో ఉన్నది దాచుకోలేక అడిగేశాడు, ఇన్నేళ్ళ శ్రమా వృథాయేనా మాస్టారూ అని. అడిగాక నాలిక కరుచుకున్నాడు. మాస్టారు వాడి భుజం మీద చెయ్యి వేశారు.

"వృథా ఏటిరా? రిటైరైన కాడ్నుంచీ దీంతో పడుకుని దీంతో లేస్తన్నాను. నిన్న రేతిరి పట్టినంత నిద్ర ఇన్నేళ్ళలో ఎప్పుడూ పట్టలేదు" అన్నారు.

ఆ తరవాత ఆయన ఉన్నన్నాళ్ళూ ఏడాదికి రెండుసార్లయినా నేను తిలారులో దిగుతూనే ఉన్నాను, ప్రతిసారీ ఒక కొత్త లెక్క పట్టుకుని. ఉద్యోగం పేరుతో పెద్ద పెద్ద ఊళ్ళు తిరిగాను, పేరున్న పండితులతో కలిసి కూర్చున్నాను. తప్పు బయటపడితే వాదించేవాళ్ళని, అలిగేవాళ్ళని, మాట మార్చేవాళ్ళని చూశాను. ఎన్నో ఏళ్ళ పని కళ్ళ ముందు కూలిపోయిన ఆ పూటే, అయితే రుజువు చెప్పమని అడిగిన మనిషిని మాత్రం ఆయన్నొక్కరినే చూశాను. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్తుంటే ఒక్క సలహా. ఎక్స్‌ప్రెస్ ఎక్కి తిలారులో దిగుదామనుకోకండి, అది అక్కడ ఆగదు. శ్రీకాకుళం రోడ్డులో దిగి నరసన్నపేటకి బస్సు పట్టుకోండి, అంతకంటే ముఖ్యంగా ఒక రాత్రి అక్కడే ఉండేలా వెళ్ళండి. ఆ శనివారం సాయంత్రం బండికే నేను తిరిగొచ్చేసి ఉంటే, తప్పు చెప్పి వచ్చినదాన్ని మాత్రమే అయ్యేదాన్ని.