గోడవైపు తిప్పిన మొహం

జనవరి. ఉదయం ఏడూ పది. చలిగాలికి ఎర్రదుమ్ము లేస్తోంది. బీదర్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూలో నా మొదటి రోజు. అంతకుముందు పదిహేడేళ్లు సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేశాను. అక్కడ అందరికీ ఊపిరి తీసే పని నేర్పారు, నాకు మాత్రం ఊపిరి పోసే పని. మా ఇంట్లో నన్ను ఇప్పటికీ "తుపాకీ లేని ఫౌజీ" అంటారు.

నాలుగు మంచాలు. రెండు వెంటిలేటర్లు. నా సామాను: టార్చి, కత్తెర, టేపు చుట్ట.

మొదటి మంచం మీద నర్సింహులు. గాంధీ గంజ్‌లో హమాలీ, నలభై ఒక్కేళ్లు. క్వింటాలు కందుల బస్తా వీపున మోసినవాడు. బ్యాక్టీరియా నిమోనియా. మత్తులో ఉన్నాడు, నోట్లో గొట్టం. వెంటిలేటర్ నూటికి నూరు ఆక్సిజన్ ఇస్తున్నా రక్తంలో డెబ్బై ఎనిమిది శాతం దాటడం లేదు.

డాక్టర్ ఆర్డర్ ఇచ్చాడు. "బోర్లా తిప్పండి. పదహారు గంటలు. మధ్యలో వెల్లకిలా వేయొద్దు." బోర్లా ఉంటే వీపువైపు ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి.

తిప్పడానికి ఆరుగురు కావాలి. మేం నలుగురం. బయట నర్సింహులు తోటి హమాలీలు కూర్చున్నారు. వాళ్ల నాయకుడు ముకద్దంకి, ఇంకొకడికి గౌన్లు తొడిగి లోపలికి తెచ్చాను. ఎక్కడ పట్టాలో, ఏ అంకెకు లేపాలో సైనిక పద్ధతిలో ఉపన్యసించాను.

ముకద్దం ఓపిగ్గా విన్నాడు. "ఫౌజీ సాబ్, పైపు మీరు సూస్కోండ్రి. బస్తా సంగతి మాకు ఇడ్సిపెట్టుండ్రి."

"నర్సింలు బస్తానా అన్నా?" అన్నాడు రెండోవాడు.

"బస్తానే నయంరా. దగ్గది."

సిస్టర్ గొట్టం పట్టుకుంది. ఎనిమిదింటికి తిప్పాం. పదింటికి ఎనభై తొమ్మిది. నేను ముకద్దంకి సెల్యూట్ కొట్టాను.

రెండు గంటలకోసారి తల పక్క మార్చాలి. మధ్యాహ్నం రెండింటికి గోడవైపు మార్చాం. రెండూ పదికి అతని భార్య శాంతమ్మ సంతపూర్ బస్సు దిగి వచ్చింది. గోడకూ మంచానికీ మధ్య యంత్రం ఉంది, మనిషి పట్టదు. ఆమెకు వెనక తల, వీపు మాత్రమే కనిపించాయి.

"గిట్ల బోర్ల ఏసిన్రేంది సారూ? జర మొకం సూపియ్యుండ్రి."

"నాలుగింటికి ఇటు తిప్పుతామమ్మా."

"అందాక ఉండనిస్తరా?"

"మూడింటిదాకే. రూలు."

సిస్టర్ మెల్లగా అంది. "ఒక్క నిమిషం తిప్పుదామా అన్నా?"

"ఇందాక తిప్పినప్పుడే ఎనభైకి పడింది. వద్దు."

నాలుగింటికి తల ఇటు తిప్పాం. శాంతమ్మ తలుపవతల బెంచీ మీదే ఉంది. పిలవలేదు. రూలు కక్కిన నోటితో మళ్లీ రూలు మింగడం నాకు రాలేదు.

ఐదూ నలభైకి గుండె ఆగింది. వెల్లకిలా తిప్పాం. అరగంట ఛాతీ నొక్కాం. రాలేదు.

అప్పుడు ఆమెను పిలిచాం. తొమ్మిదిన్నర గంటలకు పైగా బోర్లా ఉన్న మొహం. రెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. పెదాలు వాచాయి. చెంప మీద టేపు గీతలు. శాంతమ్మ వంగి చూసింది.

"ఈన మా ఆయన కాదు సారూ. మా ఆయనేడి?"

నేను కేస్ షీటు మీద పేరు చూపించాను. ఆమెకు చదువు రాదు.

అక్కడ ఆరు నెలలు చేశాను. తర్వాత చిద్రిలో మా ఇంటికి వచ్చేశాను. యంత్రాల మోత మరిచాను. నర్సింహులు మొహం కూడా సరిగా గుర్తు లేదు.

శాంతమ్మ మాత్రం నా కళ్ల ముందు ఆ సాయంత్రంలాగే మిగతా మంచాల దగ్గరికి ఒక్కొక్కటిగా వెళ్తూనే ఉంటుంది. వంగి, మొహంలో మొహం పెట్టి చూస్తుంది. చివరి మంచం మీది ముసలాయన మెలకువగా ఉంటాడు. మాస్కులోంచి ఆమెను చూసి, నేను కాదమ్మా అన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు.